జపాన్ పూలకూజాకి ముందువైపు ఏది?

2014. ఇళ్ల సామాను ప్యాక్ చేసి వేరే ఊరికి చేర్చే ఒక దుబాయ్ కంపెనీలో నేను సూపర్‌వైజర్‌ని. పాతికేళ్లు నిండాయి. పుట్టి పెరిగింది హైదరాబాద్ మలక్‌పేటలో. చేతిలో ఫోన్, ముక్కు మీద కోపం ఎప్పుడూ ఉండేవి.

ప్యాకింగ్‌కి ముందు విలువైన వస్తువులన్నిటికీ ఫొటో తీసి, ఏ గీత, ఏ పగులు ముందే ఉందో రాసుకోవాలి. దాన్ని కండిషన్ రిపోర్ట్ అంటాం. గొడవొస్తే అదే సాక్ష్యం.

ఆ రోజు అబుదాబి అవతల రువైస్‌లో రిఫైనరీ క్వార్టర్స్‌కి వెళ్లాం. ఒక జపాన్ జంట దుబాయ్‌కి మారుతున్నారు. గోడ గూట్లో ఒకే ఒక పూలకూజా ఉంది. అడుగున్నర ఎత్తు, కాస్త వంకర. మా వైపు ఉన్న భాగమంతా బూడిద చల్లినట్టు గరుకుగా ఉంది. ఇంత పొందికైన ఇంట్లో దీన్ని వెనక్కి తిప్పి పెట్టారేంటి అనుకున్నాను. గూటి మసక వెలుతురులోనే తిప్పి, నున్నగా ఉన్న వైపు ఫొటో తీసి ‘పగుళ్లు లేవు’ అని రాసేశాను. ప్యాక్ చేసింది రాజన్న. జగిత్యాల దగ్గరి మనిషి, ఈ పనిలో పన్నెండేళ్లు.

మర్నాడు దుబాయ్ ఫ్లాట్‌లో రాజన్న దాన్ని విప్పి, గరుకు వైపు గదిలోకి ఉండేలా కిటికీకి ఎదురుగా పెట్టాడు. ఎండ పడగానే ఆ వైపు మెడ కింద నాలుగు వేళ్ల పొడవు పగులు కనిపించింది.

“రాజన్నా, ఏం చేసినవ్ దీన్ని?”

“నేనేం చెయ్యలే సార్. అది ముందుగాలనే ఉండె.”

“ఉంటే ఫొటోల ఎందుకు లేదు? నా ఫోన్ అబద్ధం చెప్తదా?”

“ఫోన్ సంగతి నాకెర్క లేదు. అమ్మ గిట్లనే పెట్టుకున్నది. నేను గిట్లనే పెట్టిన.”

“చాల్, ఇగ మాట్లాడకు.”

ఏడాదిలో మూడు డ్యామేజ్ రిపోర్టులు పడితే మా కంపెనీ వీసా రెన్యూ చేయదు. రాజన్నకి అప్పటికే రెండున్నాయి. వచ్చే నెలే అతని రెన్యువల్. నాకు తెలుసు. అయినా కోపంలో పగులు ఫొటో ముదీర్‌కి, అంటే మా మేనేజర్‌కి, పంపేశాను. రెండు నిమిషాల్లో జవాబు: “ఖలాస్. అతనికి ఇదే ఆఖరి పని.”

చదివి వినిపించాను. రాజన్న ఇంకో డబ్బా విప్పడం మొదలుపెట్టాడు.

ఆ ఇంటావిడ రాగానే క్షమాపణ చెప్పాను. “ఎక్కడ విరిగింది?” అంటూ వంగి చూశారు. నేను చూపించాను.

“ఇదా? ఈ పగులు బట్టీలోనే పడింది. నేను కొన్నప్పుడే ఉంది.”

అది స్టోన్‌వేర్ అట, అంటే రాయిలా గట్టిపడేదాకా కాల్చిన మట్టి. దీనికి చేత్తో మెరుగు పూయరు. బట్టీలో కట్టెలు రోజుల తరబడి మండుతుంటే, ఎగిరిన బూడిద కూజా మీద పడి కరిగి అంటుకుంటుంది. వంకరా, పగులూ కూడా మంట పనే.

“మనిషి చేసింది సగమే. మంట తాకిన ఈ వైపే దీని మొహం. పూలు కూడా ఇటే చూసేలా పెడతాం.”

ఆవిడ కూజాని తడిపారు. మట్టి రంగు చిక్కబడింది, బూడిద చారలు ఆకుపచ్చగా తేలాయి. నా కోపం ఎటు పోయిందో, వరసగా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాను. చివరికి ఆవిడ నా ఫోన్‌లో ముందురోజు ఫొటో చూసి నిజంగానే ఆశ్చర్యపోయారు.

“మరి మీరు వీపు ఫొటో ఎందుకు తీశారు? ఇతను సరిగ్గానే పెట్టాడే.”

బయటికెళ్లి ముదీర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“తప్పు నీదని రాసిస్తావా?” అన్నాడు.

అక్కడే మెట్ల మీద కూర్చుని రాసి పంపాను. నా ఫైల్లో వార్నింగ్ లెటర్ పడింది. రాజన్న వీసా రెన్యూ అయింది.

లోపలికొచ్చి సారీ చెప్పాను. “యల్లా సార్, పాండ్రి, ఇంక పద్నాలుగు డబ్బాలున్నయ్” అన్నాడు.

ఇప్పుడు ఏ వస్తువు ఫొటో తీయాలన్నా ముందు ఇంటివాళ్లని అడుగుతాను, దీనికి ముందువైపు ఏదని. ఎప్పుడైనా మర్చిపోయి ఫోన్ ఎత్తితే, టేపు చింపుతూనే రాజన్న అంటాడు:

“మొహం అటు లేదు సార్.”