గుట్టమీద ఆరుగురం

మా మనవరాలు, దాని భర్త ఈ ఎండాకాలం ఆఫ్రికా అడవులు చూడటానికి వెళ్తున్నారట. మొన్న నా మంచం మీద కూర్చుని, అక్కడ ఏమేం చేయొచ్చో ఫోనులో చూసి చదివి వినిపించింది. మూతలేని జీపులో తిరగడం, బెలూనెక్కి జింకల మందలను చూడటం, కాలినడకన జంతువుల అడుగులు వెతకడం, చెట్టుకింద తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఫలహారం. బెలూను, జీపు తప్ప మిగతావన్నీ నేను పద్నాలుగో ఏటనే చేశాను, అదీ వికారాబాదు పక్కనే, అన్నాను. అది పకపకా నవ్వింది. నాకు మాత్రం ఎక్కడినుంచో తడిసిన గొంగడి వాసన ముక్కుకు తగిలింది. ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఈ వయసులో కూడా వెనక్కి తిరిగి చూడాలంటే నాకు భయం.

మాది తాండూరు. నాన్నకు కందుల వ్యాపారం. పోలీస్ యాక్షన్ అయిన ఆరేడేళ్లకు మా బావ ఆఫ్రికా నుంచి దిగాడు. నైరోబీలో ఎవరో షావుకారు దుకాణంలో గుమాస్తా పని. అక్కను పెళ్లి చేసుకున్న నెలకే ఓడెక్కి, మూడేళ్లకు ఆమెను తీసుకుపోవడానికి తిరిగొచ్చాడు. ఖాకీ నిక్కరు, మెడలో దుర్బీను, నోరు తెరిస్తే సింహాలు. అక్కడ సఫారీ అనేది ఉంటుందని, అది చూడని జన్మ వృథా అని ఆయన చెప్తుంటే నాన్న వక్కపొడి నములుతూ, "మన సఫరే, పయనమే గదా అల్లుడా, గంత మాత్రానికి సముద్రం దాటాల్నా?" అనేవాడు. అక్కకు మాత్రం నవ్వు రాలేదు. మూడేళ్లు ఉత్తరాలు తెచ్చిచ్చిన పోస్టుమాను ముఖం గుర్తున్నంతగా ఆమెకు మొగుడి ముఖం గుర్తులేదు. పోనని నాన్నతో అనలేక, రాత్రిళ్లు నా పక్కన పడుకుని ఏడ్చేది. ఆ సంగతి బావ చెవిన పడింది. అడవి సరదా ఏమిటో ఒక్కరోజు చూపిస్తే ఆమె భయం పోతుందని ఆయన నమ్మకం. అలా అనంతగిరి గుట్టల్లో మా సఫారీ కుదిరింది.

బయలుదేరే పొద్దున నేను అక్కతో పోట్లాడాను. నాకు అసూయ, ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది. ఓడ ఎక్కే రాత నాకుంటే ఎగిరి గంతేసేదాన్ని, ఆమె ఏడుస్తున్నది. జడ వేసుకుంటూ, "పోతె పో! నువ్వు లేకపోతె ఈడ ఎవరు తక్కువైతరు!" అన్నాను. అక్క రైల్లో వికారాబాదు దాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

బావ, అక్క, అన్న, వదిన, నేను. గుట్ట కింద ఆరో మనిషి మాకోసం ఎదురుచూస్తున్నాడు. మర్పల్లి వైపు గొర్రెల కాపరి, ముసలాయన, నాన్నకు ఎరుక. ముసురు పట్టేలా ఉందని తలా ఒక గొంగడి తెచ్చాడు. మందలో ఎన్ని గొర్రెలున్నాయని అన్న అడిగితే తాత అదోలా చూశాడు. "ఎన్నంటె ఏం చెప్పాలె బిడ్డ? మేము ఎంచం. పొద్దూకంగ ఒక్కొక్కదాని మొఖం జూస్త. ఏది రాలేదో నాకు ఎర్కనే," అన్నాడు. బావ నవ్వి, సఫారీలో మొదటి నియమమే లెక్క అని, ఆగిన ప్రతిచోటా మనుషులను లెక్కపెట్టాలని చెప్పి, అక్కడే వేలు చూపిస్తూ మొదలుపెట్టాడు. తాత గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "అడవిల మనుషులను ఎంచద్దు సేటూ." బావ వింటేగా. ఆరుగురం అని గట్టిగా పలికేదాకా ఊరుకోలేదు.

సరదాలకు లోటు లేదు, అది కూడా చెప్పాలి. దుర్బీనులో నెమలిని చూశాం, ఒక నక్కను చూశాం, నక్క మమ్మల్ని మరింత సావకాశంగా చూసింది. బురదలో ఒక పెద్ద అడుగు కనబడితే బావ మోకాళ్ల మీద కూర్చుని అగ్గిపెట్టెతో కొలిచాడు. ఊరకుక్కది అన్నాడు అన్న. దుమ్ములగొండిది అన్నాడు తాత, వెంటనే నోరు మూసుకున్నాడు. బండమీద వదిన తెల్ల దుప్పటి పరిచి పులిహోర పెట్టింది, సగం చీమలు తిన్నాయి. అన్నిచోట్లా బావ లెక్క. ఒకటి, రెండు, మూడు... ఆరు. ఆ రోజంతా ఆయన మమ్మల్ని పదిసార్లు లెక్కపెట్టి ఉంటాడు, అక్కతో పది మాటలు మాట్లాడలేదు.

మూడు దాటాక మబ్బు గుట్టమీదికి దిగింది. ఊరి వాన వేరు, అది పైనుంచి పడుతుంది. ఇది పొగలాగా చెట్ల మధ్యనుంచి నడిచివచ్చింది. పక్షులు ఒక్కసారిగా గప్‌చుప్ అయ్యాయి. అందరం గొంగళ్లు నెత్తిమీదుగా కప్పుకున్నాం. ఇక ఎవరు ఎవరో తెలియదు, అన్నీ నల్లటి గోపురాలే. సన్నటి బాట, ఒకరి వెనక ఒకరం దిగుతున్నాం. ముందు తాత, బావ, తరువాత అన్న, వదిన, నేను. నా వెనక అక్క. పొద్దున అక్కతో నేనన్న మాట నన్ను గుచ్చుతూనే ఉంది. వెనక్కి తిరగకుండానే, "అక్కా, కోపమొచ్చిందా?" అన్నాను. జవాబు లేదు. తడి ఆకుల మీద అడుగుల చప్పుడు మాత్రం వస్తున్నది. నేను ఆగితే అదీ ఆగింది. ఒక జారుడు బండ దగ్గర పట్టుకొమ్మని చెయ్యి వెనక్కి చాపాను. చాలాసేపు చాపే ఉంచాను. ఎవరూ పట్టుకోలేదు. బెట్టు చేస్తున్నది, చేయనీ అనుకుని నడిచాను. బాట మలుపులో బావ వెనక్కి తిరిగి వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టాడు. "...అయిదు, ఆరు. సరిపోయింది, నడువుండ్రి."

గుట్ట దిగాక తాత ఆగాడు. మా వరస పొడవునా వచ్చి, గొర్రెలకు చూసినట్టే, ఒక్కొక్కరి గొంగడి పైకెత్తి ముఖం చూశాడు. అన్న, వదిన, నేను. నన్ను చూసి, నా వెనక చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"పెద్దబిడ్డ ఏది?"

"గీడనే ఉండాలె. ఇప్పుడే గద ఎంచిన, ఆరుగురం వచ్చినం!" అన్నాడు బావ. మళ్లీ లెక్కపెట్టాడు. అయిదుగురం. ఆయన వేలు గాల్లో అలాగే నిలబడిపోయింది.

తాత గొంతు తగ్గించి, "తక్కువైనకాడ నింపిండ్రు సేటూ," అన్నాడు. ఎవరు నింపారని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. నేను మాత్రం కూలబడి ఏడ్చాను. అక్క లేకపోతే ఎవరు తక్కువవుతారని అడిగింది నేనే. ఎవరూ తక్కువ కాలేదు కూడా.

బావ గొంగడి పారేసి పైకి పరుగెత్తాడు. నిక్కరు, దుర్బీను, ఆఫ్రికా అన్నీ మరిచిపోయి చిన్నపిల్లవాడిలా అరుస్తూ పరుగెత్తాడు. తాత వెనకే వెళ్లాడు, మేమూ వెళ్లాం. ఇంకా వెలుగుంది. నేను చెయ్యి చాపిన బండకు చాలా పైన, బాట పక్కన నాలుగడుగుల ఎత్తులో అక్క కూర్చుని ఉంది. మడమ బెణికి వాచింది. ఏడుపు లేదు. మమ్మల్ని చూసి కూడా కదల్లేదు. పిలవొచ్చు కదా, అంత దగ్గరగా మేం పోతుంటే ఎందుకు పిలవలేదని బావ ఆమె భుజాలు పట్టుకుని కుదిపాడు.

అక్క నెమ్మదిగా అంది: "గొంగళ్లు కప్పుకునేటప్పుడె కాలు జారి గీడ పడ్డ. మీరు పోతుంటె చూసిన. మీ లెక్కనే నేనూ ఎంచిన. ఆరుగురు ఉండ్రి. అందరు పోతనే ఉన్నరు గద, మరి గీడ కూసున్నదెవరు అనుకున్న. పిలుద్దమంటె నోరు రాలె."

బావ ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మా అందరి ముందు, ఆ రోజుల్లో! వదిన కూడా తల తిప్పుకోలేదు. ఆయన ఆమెను వీపున వేసుకుని దిగాడు, అడుగడుగుకూ తల తిప్పి చూసుకుంటూ.

మరుసటి నెలలో అక్క ఓడెక్కింది. తనంతట తానే పోతానంది. అక్కడ కూడా అడవులకు వెళ్లేవాళ్లట. బండివాడు లెక్క చెప్పినా వినకుండా, మీ బావ ఒక్కొక్కరి ముందుకూ వచ్చి ముఖం చూసిపోతాడు, జనం నవ్వుతారు అని రాసేది. నా వెనక నడిచింది ఎవరని అక్కా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మబ్బులో బావ లెక్క తప్పాడని అన్న బతికినన్నాళ్లూ అన్నాడు. అక్క లెక్క ఎలా తప్పిందో, నేను విన్న అడుగులు ఎవరివో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు.

ఇప్పుడు ఏ శుభకార్యానికైనా మా వాళ్లందరూ చేరితే, విస్తర్లకోసం పిల్లలెవరో మమ్మల్ని లెక్కపెడతారు. అన్న పోయాడు, వదిన పోయింది, బావ పోయాడు, ఆ తరువాత అక్క. లెక్క మాత్రం ఏనాడూ తగ్గలేదు. కొత్త కోడళ్లు, అల్లుళ్లు, చంకల్లో పసివాళ్లు. అందరం ఉన్నామని పిల్లలు కేకేస్తారు. నేను ఒక్కొక్క ముఖం చూసుకుంటూ వరస చివరిదాకా నడుస్తాను, కాలం ఏ ఖాళీ ఉంచకుండా నింపేసిన ఆ వరసలో మా అక్క లేదు.