ఊకదిండు

పదేళ్లుగా నేనొక నవ్వును మోస్తున్నాను. నా నవ్వే. మహా అయితే రెండు క్షణాలు ఉండి ఉంటుంది అది. ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది. నవ్వు మాత్రం చెవిలోంచి పోలేదు. పాపను జోకొడుతున్నప్పుడు వినిపిస్తుంది. ఎవరైనా నన్ను తెలివైనదని అన్నప్పుడు మరీ దగ్గరగా వినిపిస్తుంది.

పోయిన ఆదివారం అందరి ముందూ నిలబడి ఈ సంగతిలో కొంత చెప్పాను. చెప్పలేక మిగుల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఇంట్లో అందరూ పడుకున్నారు. పాప లేచేలోపు ఎంత రాయగలిగితే అంత.

మా నాన్నగారు పామర్రులో మాస్టారు. నా చిన్నప్పటి నుంచీ మా వీధికి నాంచారమ్మ చేపలు తెచ్చేది. బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె ఆమెది. పడవల దగ్గర చేప కొని, మొదటి బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా వీధులు తిరిగేది. చేపలమ్మే ఆడవాళ్లందరికీ అప్పట్లో రెండు బాధలు. ఎండెక్కేసరికి ఐసు కరిగి చేప మెత్తబడుతుంది. కరిగిన నీళ్లు బస్సులో కారుతున్నాయని కండక్టర్లు దింపేస్తారు. నాంచారమ్మకు ఈ రెండు బాధలూ లేవు. ఆమె దగ్గర ఒక బుట్ట ఉంది.

దాన్ని నేను సరిగ్గా చూసింది డిగ్రీ రెండో ఏడు వేసవి సెలవుల్లో. అది ఒక బుట్ట కాదు, రెండు. పెద్ద వెదురుబుట్టలో చిన్న వెదురుబుట్ట. రెంటి మధ్య సందులో బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊక దట్టంగా కూరింది. లోపల ప్లాస్టిక్ పట్టా పరిచి కుట్టింది. అడుగున చిన్న కన్నం, దానికి సైకిలు ట్యూబు ముక్క. ట్యూబు మెలితిప్పి దారం కడితే చుక్క కారదు. మా ఇంటికి రాగానే ఆ దారం విప్పి, కరిగిన నీళ్లు మా జామచెట్టు మొదట్లో వదిలేది. జామకాయలు నీచు కొడతాయని అమ్మ వేళాకోళం చేస్తే, "కాయలెందుకు మాస్టారమ్మగారూ, రొయ్యలే కాస్తాయి చూడండి" అనేది.

ఆ బుట్టకు మూత ఒక దిండు. పాత చీర ముక్కలో ఊక నింపి కుట్టిన గుండ్రటి దిండు. అది బుట్ట అంచు మీద నిలిచేది కాదు, లోపలికి దిగి నేరుగా చేపల మీద కూర్చునేది. చేప అమ్ముడయ్యే కొద్దీ అదీ కిందికి దిగుతూ పోయేది. వేడిగాలికి చోటే ఉండేది కాదు. రోజుకు నలభైసార్లు బుట్ట తెరిచి మూసే మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టని ఉపాయం అది.

ఐసు ఫ్యాక్టరీలో గడ్డలకు ఊక కప్పడం చూసి మొదలుపెట్టిందట. దిండు దాకా రావడానికి రెండు వేసవులు పట్టిందట. నేను అడుగుతూ పోయాను, ఆమె చెబుతూ పోయింది. "రాసుకో పాపా" అంటూ జానలతో కొలతలు చూపించింది. తన బుట్ట గురించి అంతకుముందు ఎవరూ అడగలేదనుకుంటాను. ఆ రోజు ఒక చందువా చేప ఊరికే ఇచ్చి వెళ్లింది.

నేను విజయవాడ కాలేజీలో, హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఆ ఏడు కాలేజీల మధ్య సైన్సు పోటీ పెట్టారు. ఇంట్లోనో వీధిలోనో రోజూ ఎదురయ్యే ఇబ్బందికి కొత్త ఉపాయం చూపించాలి. నేను ఆ బుట్టే చేసి పెట్టాను. మూత ఒక్కటి మార్చాను. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఊకదిండు అసహ్యంగా ఉంటుందనిపించింది. థర్మోకోల్ గుండ్రంగా కోసి, నీలం కాగితం అంటించి, బుట్ట అంచు మీద బిగుతుగా కూర్చునేలా చేశాను. బుట్ట నిండా ఐసు పోశాను. జడ్జీలు ఒక్కసారే మూత తీసి చూశారు. నిండుగా ఉన్న బుట్టకు ఏ మూతైనా సరిపోతుంది కదా.

మొదటి బహుమతి నాకే వచ్చింది. షీల్డు ఇచ్చారు, పేపర్లో ఫొటో వేశారు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, మా ప్రాంతపు ఆడవాళ్ల కష్టం చూసి వచ్చిందన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

తర్వాతి ఆదివారం పామర్రు చర్చిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగారు. నాన్నగారు నా వైపు చూశారు. నేను లేచి, ప్రార్థనలో ఉండగా ప్రభువే నాకు ఈ ఆలోచన ఇచ్చాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఎందుకలా అన్నాను? నాంచారమ్మ పేరు నాలుక చివరే ఉంది. ఆ పేరు చెబితే నాకు మిగిలేదేమీ లేదు. దేవుడి పేరు చెబితే అన్నీ నాకే మిగులుతాయి.

షీల్డు నాన్నగారి అద్దాల బీరువాలోకి వెళ్లింది. సంగతి అక్కడితో ఆగలేదు. ఆడవాళ్లకు పనులు నేర్పే ఒక సంస్థ వాళ్లు పేపర్లో చూసి మా కాలేజీకి వచ్చారు. నా నమూనా ప్రకారం ముప్పై బుట్టలు చేయించి, నాంచారమ్మ పల్లెలోనే పంచుతామన్నారు. నేనే వచ్చి వాడకం నేర్పాలన్నారు. రానని చెప్పొచ్చు. చెప్పలేదు.

పల్లెలో తుపాను షెడ్డులో కార్యక్రమం. నేను మైకు ముందు నిలబడ్డాను. నాంచారమ్మ రెండో వరసలో కూర్చుని ఉంది. తన బుట్ట ఎలా వాడాలో తనకే నేర్పుతుంటే ఆమె ముఖంలో కోపం లేదు. నన్ను చూసి మురిసిపోతున్నట్టు కూడా ఉంది. నేను నీలం మూత పెట్టి చూపించేసరికి మాత్రం లేచి నిలబడింది.

"పాపా, మూత పైనే ఆగిపోతే లోపల ఖాళీ మిగలదా? సరుకుతో పాటు మూత కూడా దిగొద్దా?"

నేను నవ్వాను.

"ఇది సైన్సు, నాంచారమ్మా. మీ గుడ్డమూట కాదు."

వేదిక మీద పెద్దవాళ్లు నవ్వారు. ఆమె పక్కనున్నామె కొంగు పట్టి లాగుతూ, "కూకోవే, కాలేజీ పిల్లకి నువ్వు చెప్పొచ్చావా" అంది. షెడ్డు మొత్తం నవ్వింది. నాంచారమ్మ కూర్చుంది. చివర్లో అందరితో పాటు వరసలో నిలబడి, శిక్షణ పొందినట్టు రిజిస్టరులో వేలిముద్ర వేసి వెళ్లింది.

ఎండలు ముదిరాక ఏం జరిగిందో, నేను పరీక్షలకు హాస్టల్లో ఉండగా అమ్మ ఉత్తరంలో రాసింది. బుట్ట సగం ఖాళీ అయ్యేసరికి ఐసు కరిగిపోయేది. నీళ్లు ఎక్కువై కుట్ల సందుల్లోంచి బస్సులో కారేవి. నాలుగు రోజులు చూసి, జోడుబుట్ట కనిపిస్తే చాలు కండక్టర్లు ఎక్కనివ్వడం మానేశారు. నాంచారమ్మ బుట్ట కారదని వాళ్లకెలా తెలుస్తుంది? చూడ్డానికి అన్నీ ఒకటే. ఆమె పామర్రు రావడం ఆగిపోయింది. జామచెట్టు కింద నేల ఎండిందని అమ్మ రాసిన వాక్యం నాకిప్పటికీ గుర్తుంది. ఆ ఉత్తరానికి జవాబు రాస్తూ నేను చేపల ఊసే ఎత్తలేదు.

ఇక నా పాప సంగతి చెప్పాలి.

పాప నెల ముందే పుట్టింది. గుప్పెడంత ఉండేది. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని డాక్టరుగారు చెప్పారు. మూడో నెల దాటేసరికి బెంజ్ సర్కిల్ దగ్గర నా ఉద్యోగానికి తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పొద్దున్నే నా పాలు పిండి సీసాల్లో పోసి వెళితే అత్తయ్యగారు పట్టేవారు. ఏప్రిల్లో లో వోల్టేజీకి ఫ్రిజ్ కాలిపోయింది. అది బాగుచేయించి తెచ్చినా మధ్యాహ్నమంతా కరెంటు ఉండేది కాదు. అప్పుడు నేను దేన్ని గుర్తు చేసుకున్నానో మీకు తెలుస్తూనే ఉంటుంది.

రెండు బుట్టలు కొన్నాను. ఊక తెప్పించాను. మా ఆయన రోజూ గవర్నర్‌పేట నుంచి ఐసు తెచ్చేవారు. స్టీలు డబ్బాలో సీసాలు పెట్టి, చుట్టూ ఐసు వేసి, పైన మూత పెట్టాను. థర్మోకోల్ మూత. నా మూత. దిండు గుర్తు లేక కాదు. దిండు కుడితే ఆమె చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు, పదేళ్ల తర్వాత కూడా చెయ్యి అటు వెళ్లలేదు. పంతమా? సిగ్గా? ఇప్పటికీ తేల్చుకోలేను.

చిన్న డబ్బా, పెద్ద బుట్ట. మిగిలిందంతా ఖాళీయే. మూడో రోజు పాలు విరిగాయి. వాసన తెలియలేదని అత్తయ్యగారు ఇప్పటికీ బాధపడతారు. పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో ఆ చిన్న చేతికి సెలైన్ సూది గుచ్చడానికి నరం దొరకలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకు ప్రార్థన రాలేదు. "మూత కూడా దిగొద్దా" అన్న మాట ఒక్కటే వినబడుతూ ఉంది.

పాప తేరుకున్నాక నేను బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాను. నాంచారమ్మ జుట్టు తెల్లబడింది. చేపలు ఎండబెట్టే చోట కూలికి వెళుతోందట. నన్ను చూసి మంచం వాల్చింది. పాలు విరిగిన సంగతి చెబితే ఒక్క ప్రశ్న అడగలేదు. చంటిబిడ్డ పాలకు నీచు తగలకూడదని ఉతికిన మెత్తటి చీర వెతికి, పక్కింటి నుంచి ఊక తెచ్చి జల్లించి, నా కళ్ల ముందే దిండు కుట్టింది. అది డబ్బా మీద ఎలా కూర్చోవాలో ఒక చెంబు పెట్టి చూపించింది. నేను ఆమె పెట్టిన అన్నం తిని, దిండు ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను. పోటీ గురించి ఆ రోజు కూడా ఏమీ చెప్పలేదు.

ఆ దిండుతో ఎండాకాలం గడిచిపోయింది. ఒక్క సీసాలోనూ పాలు విరగలేదు. అత్తయ్యగారు ప్రతి మధ్యాహ్నం దిండు ఎత్తి, డబ్బాకు చెంప ఆనించి చూసి, "చల్లగానే ఉందమ్మా" అని ఆఫీసుకు ఫోన్ చేసేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ నా గుండె నిండిపోయేది. పాప ఒళ్లు చేసింది, బోర్లా పడింది, పాకింది. నేను బతుకు చెడగొట్టిన మనిషి చేతి పనితో నా బిడ్డ బతికి బట్టకట్టింది. నేనివాళ ఎంత కృతజ్ఞతతో ఉన్నానంటే, వీధిలో ఊక బస్తాలతో రిక్షా వెళ్లినా చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కానీ దొంగిలించిన దీపం కింద కూర్చుని వెలుగును మెచ్చుకునే హక్కు నాకుందా?

పాప మొదటి పుట్టినరోజుకు పామర్రులో కృతజ్ఞత కూడిక పెడదామన్నారు నాన్నగారు. నేను సాక్ష్యం చెప్పాలి. అదే చర్చి వాళ్లు, అదే పాస్టరుగారు. ముందు రోజు మళ్లీ పల్లెకు వెళ్లాను. ఈసారి చెప్పాను. పోటీ గురించి, షీల్డు గురించి, దేవుడిచ్చాడని చెప్పిన సాక్ష్యం గురించి. ఆమె ఎండుచేపలు తిరగేస్తూ విన్నది.

"బుట్ట సంగతి నాకు తెలవందా పాపా. నా బుట్ట నేను గుర్తుపట్టనా?" అంది. ఇంకో చేప తిరగేసింది. "ఆ రోజు నవ్వావెందుకు?"

ఎందుకో నాకే తెలియదని చెప్పాను. ఆమె మళ్లీ పనిలో పడింది. రేపు కూడికకు రమ్మన్నాను. చూద్దాంలే అంది. రాలేదు.

కూడికలో లేచి బుట్ట ఎవరిదో చెప్పాను. పదేళ్ల కిందటి సాక్ష్యం అబద్ధమని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. నాన్నగారు తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున అద్దాల బీరువాలో షీల్డు లేదు. బాగా చెప్పావని మా ఆయన అన్నారు. ఏం బాగు? ఆమె లేని గదిలో చెప్పడం తేలిక.

అదీ సగమే. నాంచారమ్మకు నేను చెప్పిన జవాబు కూడా అబద్ధం.

ఎందుకు నవ్వానో నాకు తెలుసు. ఆమె అలా అడిగిన క్షణంలోనే ఆమె చెప్పింది నిజమని నాకు అర్థమైంది. మా ఇంటి మెట్ల దగ్గర ఆ దిండు బుట్టలోకి దిగడం నేను కళ్లారా చూశాను. మూత తప్పని తెలుసు. తెలిసీ నవ్వాను. తెలిసీ ముప్పై మంది నెత్తిన ఆ బుట్టలు పెట్టి పంపించాను. పొరపాటు చేసిన పిల్లగా నన్ను అందరూ క్షమించొచ్చు. ఈ మాట విన్నాక క్షమిస్తారో లేదో తెలియదు. అడగడం లేదు.

ఈ నాలుగు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పట్టిందో. రాశాక చేతులు తేలికయ్యాయి. ఇవే వాక్యాలు వచ్చే శనివారం ఆమె ముందు కూర్చుని చెప్పాలి. ఆమె ఏమంటుందో ఏమీ అనదో, అది ఆమె ఇష్టం.

దిండు పాప తలవైపు గోడకు ఆనించి ఉంది. దగ్గరికెళ్లి వాసన చూశాను. కాస్త పాలు, కాస్త ఊక. పాప కదులుతోంది. వెళ్లాలి.