రూతు పేరున్న తిమింగలం

మా ఇంట్లో దయ్యం అనే మాట వినపడేది కాదు. అమ్మ ప్రార్థన మనిషి. నేను వట్లూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. పోయినవాళ్ళు కనిపించారని ఎవరైనా అంటే, జ్వరం ఉందేమో చూసుకోమని చెప్పే రకాన్ని. 2007లో జరిగింది ఇప్పుడు రాస్తున్నంత మాత్రాన ఆ రకం నుంచి మారిపోలేదు. నాకు అంతుచిక్కని సంగతి ఒకటి ఉండిపోయింది, అంతే.

నాన్న సరుకు ఓడల్లో ఇంజను గది ఫిట్టరు. తొమ్మిది నెలలు సముద్రం మీద, మూడు నెలలు సెలవు. సెలవుకి వచ్చినప్పుడల్లా నాకొక బొమ్మ తెచ్చేవాడు. సొరచేప, నీలి తిమింగలం, పలచగా రెక్కల్లా పరుచుకునే టేకు చేప, సముద్రపు తాబేలు, సుత్తి తల సొర. పిల్లలు బకెట్లో వేసి ఆడుకునే రంగురంగుల ప్లాస్టిక్కు కాదు. గట్టి రబ్బరు, చేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేది. సొరకి మొప్పల చీలికలు ఐదుంటే బొమ్మకీ ఐదే ఉండేవి. డిగ్రీలో పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. ఒక్క తప్పు దొరకలేదు. నేను జువాలజీలో చేరడానికి కారణం అవే.

ప్రతి బొమ్మ పొట్ట కింద నాన్న సూది కాల్చి "ఎస్తేరుకి" అని రాసేవాడు. ఆ "కి" మీది గుడి కొసని ఎప్పుడూ వంకీలా చుట్టేవాడు. ఇచ్చేటప్పుడు "నీ ఒక్కదానికోసమే వెతికి తెచ్చానమ్మా" అనేవాడు. నేను ఒక్కతే సంతానం. ఆ మాట నాకు వింతగా అనిపించలేదు.

ఒక్కటి మాత్రం రాలేదు. స్పెర్మ్ వేల్ అంటారు, నలుచదరం తల ఉండే తిమింగలం. కింది దవడకే పళ్ళుంటాయి. తొమ్మిదో తరగతి నుంచి అడిగాను. ప్రతిసారీ "ఎక్కడా దొరకట్లేదమ్మా" అన్నాడు. 2003లో గుండెపోటుతో పోయేనాటికి నా దగ్గర పద్దెనిమిది ఉన్నాయి. తర్వాత విజయవాడలో షాపుల్లో వెతికాను. దొరికినవి వీటి పక్కన పెట్టేలా లేవు. ఒకటి రెండు కొని, నచ్చక పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను.

అవి ఏలూరులో మా ముందు గదిలో అద్దాల బీరువాలో ఉండేవి. అంతకు ముందు ఏడాది తాళం పాడైతే కొత్తది వేయించాం. దానికి ఒక్కటే తాళంచెవి. అది నా స్కూటీ తాళాలతో పాటే ఉండేది.

ఆగస్టులో ఒక శనివారం. ఉదయం బొమ్మలన్నీ తుడిచి, లెక్కపెట్టి, తాళం వేశాను. అమ్మని స్త్రీల కూడికకి చర్చి గేటు దగ్గర దింపి కాలేజీకి వెళ్ళాను. నాలుగింటికి మళ్ళీ అమ్మని ఎక్కించుకుని ఇంటికి వచ్చాను. వీధి తలుపు తాళం వేసినట్టే ఉంది. లోపలికి రాగానే అద్దంలోంచి కనిపించింది. నీలి తిమింగలం పక్కన, నలుచదరం తలతో ముదురు బూడిద రంగు బొమ్మ.

బీరువా తాళం లాగి చూశాను. వేసే ఉంది.

తీసి చేతిలోకి తీసుకున్నాను. బరువు మిగతా వాటిలాగే ఉంది. నోటి చీలికలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది. మా చుట్టుపక్కలంతా నల్లమట్టి. కింది పళ్ళకి తెల్లటి దారం పోగు చుట్టుకుని ఉంది. తిరగేశాను. పొట్ట కింద నాన్న చేతిరాత. అదే వంకీ. కానీ "ఎస్తేరుకి" అని లేదు. "రూతుకి" అని ఉంది.

అమ్మ వెనకాలే వచ్చి చూసింది. కుర్చీలో కూర్చుంది. "ఎవరో తెచ్చి పెట్టి ఉంటార్లే" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. తాళం వేసిన బీరువాలో ఎవరు పెడతారని నేను ఆలోచిస్తున్నాను గానీ, రూతు ఎవరని అమ్మ అడగలేదన్న సంగతి రెండు రోజుల దాకా నాకు తట్టలేదు.

నాన్నతో పాటు ఓడలో పనిచేసిన ప్రకాశం బాబాయి కైకలూరులో చేపల మేత షాపు నడుపుతున్నాడు. నాన్న పోయాక కూడా క్రిస్మస్‌కి కేకు పంపేవాడు. ఆ బొమ్మని సంచిలో పెట్టుకుని కొల్లేరు మీదుగా వెళ్ళే బస్సెక్కాను. ముందు ఏడాదే కొల్లేరులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసింది. దారి పొడుగునా నీళ్ళలోంచి గట్ల మొండాలు పైకి కనిపిస్తున్నాయి. నేను వాటిని చూస్తూ, రూతు అని చర్చిలో ఎవరైనా ఉన్నారా అని గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

బాబాయి మేత బస్తాల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అమ్మ ఎలా ఉందని అడిగాడు. నేను సంచిలోంచి బొమ్మ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఇది నీ దగ్గరికెలా వచ్చిందమ్మా?"

"మీకు తెలుసన్నమాట. రూతు ఎవరు బాబాయ్?"

"నాకేం తెలుసమ్మా, మీ నాన్న ఎవరికి కొన్నాడో" అన్నాడు. షాపులోకి ఎవరో వస్తే లేచి వెళ్ళి, వాళ్ళు వెళ్ళిపోయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగి వచ్చాక నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"ప్రతి రేవులోనూ రెండేసి కొనేవాడమ్మా. ఒకటి నీకు, ఒకటి తాడేపల్లిగూడెంలో ఆ పిల్లకి. ఇదొక్కటే షాపులో ఒక్కటుంది. చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో నేను చూశాను."

"నిలబడి?"

"'ఆ పిల్లకి ఎస్తేరుకున్నంత లేదు కదా ప్రకాశం, ఇంటిపేరు కూడా ఇవ్వలేదు' అన్నాడు. ఇది ఆ పిల్లకే ఇచ్చాడు."

ఆ పిల్ల ఉండే వీధి పేరు మాత్రం అడిగి, బాబాయికి నమస్కారం కూడా పెట్టకుండా వచ్చేశాను. బస్సులో ఏడవలేదు. తొమ్మిదో తరగతి నుంచి అడిగినవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఎక్కడా దొరకట్లేదమ్మా అన్నప్పుడల్లా నా తల నిమిరేవాడు.

అమ్మకి చెప్పలేదు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి తాడేపల్లిగూడెం పాసింజరు ఎక్కాను. బాబాయి చెప్పిన వీధి స్టేషనుకి పెద్ద దూరం లేదు. రెండు గదుల పెంకుటిల్లు. తలుపు తీసిన అమ్మాయికి నాకంటే నాలుగైదేళ్ళు తక్కువ ఉంటాయి. నేను పేరు చెప్పేలోగానే "మీరు ఎస్తేరు గారు కదండీ?" అంది.

ఆ అమ్మాయికి నేను తెలుసు. నేనేం చదివానో తెలుసు. నాన్న నా ఫోటో చూపించి చెప్పేవాడట.

లోపల టీవీ పైన అద్దాల అర ఉంది. అందులో సొరచేప, నీలి తిమింగలం, టేకు చేప, తాబేలు, సుత్తి తల సొర. లెక్కపెట్టాను. పద్దెనిమిది. నావి నేనే చూసుకుంటున్నట్టు ఉంది. అడక్కుండానే ఒకటి తీసి తిరగేశాను. "రూతుకి". ఇంకొకటి తీశాను. మూడోది తియ్యబోతుంటే రూతు మెల్లగా నా చెయ్యి పట్టుకుంది.

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి."

నేను సంచి తెరిచి స్పెర్మ్ వేల్‌ని బయటికి తీశాను. రూతు వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుంది.

"ఎక్కడిదండీ అది?"

"మా బీరువాలో ఉంది. నువ్వు పంపావేమో అనుకున్నాను."

"నేను దాన్ని అమ్మ పెట్టెలో పెట్టానండీ."

ఏ పెట్టె అని అడిగాను. శవపేటిక అని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. రూతు వాళ్ళమ్మ అంతకు ముందు ఏడాది చనిపోయింది. లేసు అల్లే మనిషి. నాన్న తెచ్చినవాటిలో ఆవిడకి ఈ ఒక్క బొమ్మ అంటే ఇష్టమట. మంచాన పడ్డాక తలగడ పక్కనే ఉంచుకునేది. సమాధికి తీసుకెళ్ళే ముందు, ఆవిడ స్వయంగా అల్లిన లేసు గుడ్డ ఒంటి మీద కప్పి, దాని కింద చేతి పక్కన రూతే పెట్టింది. పెట్టె మూసేటప్పుడు కూడా అక్కడే ఉంది.

రూతు దగ్గరికొచ్చి ఆ తిమింగలం పళ్ళకున్న దారం పోగుని వేలితో తాకింది. లోపలి గదిలోకి వెళ్ళి ఒక దారపు ఉండ తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకే దారమని ప్రమాణం చెయ్యలేను. తేడా మాత్రం నాకు కనిపించలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం సమాధుల తోటకి వెళ్ళాం. అక్కడి నేల ఎర్రగా ఉంది. వాళ్ళమ్మ సమాధి మీద సిమెంటు పలక. చుట్టూ తిరిగి, వంగి, అంచులన్నీ చేత్తో తడిమి చూశాను. ఎక్కడా బీటలేదు. పలక కింది అంచు మీద నాచు పట్టి ఉంది, ఎవరైనా కదిపిన గుర్తు లేదు.

"తవ్వించి చూద్దామంటారా?" అని అడిగింది రూతు.

వద్దన్నాను. పెట్టెలో బొమ్మ ఉంటే ఒక రకం భయం, లేకపోతే ఇంకొక రకం. రెండిటికీ నాకు ధైర్యం లేదు. బొమ్మ తీసుకోమంటే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "అమ్మతో పంపేశానండీ. ఇంట్లోకి మళ్ళీ రానివ్వలేను." స్టేషను దాకా వచ్చింది. రైలు కదిలేటప్పుడు ఒకసారి "అక్కా" అంది. నేను పలకలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. కానీ ఆ రోజు ఆ మాట కూడా నా దగ్గర్నుంచి లాక్కున్నదానిలాగే వినపడింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నేను ఎక్కడికి వెళ్ళానో చెప్పాను. తలెత్తలేదు.

"ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"నీ ఐదో ఏట నుంచి."

"ప్రకాశం బాబాయికి తెలుసు. ఆ పిల్లకి నేను తెలుసు. నాకొక్కదానికే తెలియకుండా ఎందుకు దాచారు?"

"మీ నాన్న నాకెలాగూ మిగల్లేదు. నీకైనా మిగలనీ అనుకున్నాను."

నన్ను కాపాడాననుకుంది అమ్మ. నాకు మాత్రం ఇరవై ఏళ్ళుగా ముగ్గురు నలుగురు పెద్దవాళ్ళు కలిసి నన్ను మోసం చేసినట్టే ఉంది. నాన్న మీద కోపం తీర్చుకోవడానికి మనిషి లేడు. ఉన్న అమ్మ మీద అరిచాను. ఇన్నేళ్ళలో ఆవిడతో ఎన్నడూ మాట్లాడని మాటలు మాట్లాడాను. అన్నీ విని, చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది.

చివరికి అడగాల్సింది అడిగాను.

"నిజం చెప్పమ్మా. ఆ బొమ్మ బీరువాలో నువ్వు పెట్టావా?"

అప్పుడు తలెత్తి చూసింది. నేనలాంటి చూపు ఆవిడ దగ్గర ఎప్పుడూ చూడలేదు.

"ఆ బీరువా తెరిచే వీలే నాకుంటే, లోపల పెట్టేదాన్ని కాదే. ఉన్నవన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేసేదాన్ని."

నేను అమ్మని నమ్మాను. రూతునీ నమ్మాను. తాళంచెవి ఆ రోజంతా నా దగ్గరే ఉంది. ఇక మిగిలింది ఎవరో, ఆ తిమింగలం మట్టిలోంచి మా ఇంటికి ఎలా వచ్చిందో, నాకు తెలియదు.