మూడు పొద్దుల డబ్బాలు

లింగంపల్లి స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరున్నర. సన్నటి వాన. చేతిసంచిలో రెండు చీరలు, స్టీలు గిన్నె, సేరు బియ్యం.

మనవరాలు సునీత హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడకు కాపలా ఉండేది. దానికి పుట్టుకతోనే హెచ్‌ఐవీ. తల్లి ఆ జబ్బుతోనే పోతే నేను పెంచాను. నెలరోజులుగా విరేచనాలు ఆగడం లేదని ఫోను చేసింది. వచ్చాను. ఇక దానికి కాపలా నేను.

స్టేషను వెనక దానిది ఒకటే గది. నీళ్లు వచ్చేది ఐదు నుంచి ఆరు వరకే. గంటకోసారి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించాలి. నేను చదివింది మూడో తరగతి. తాగించిన ప్రతిసారీ గోడమీద బొగ్గుతో గీత గీశాను.

దవాఖానలో నర్సమ్మ మలం పరీక్షకు మూడు చిన్న డబ్బాలిచ్చింది.

"అవ్వా, నడుమ హెచ్‌ఐవీ బిళ్లలు ఆపింది గద, ఒంట్ల తాకత్ లేదు. కడుపుల పురుగులున్నయేమో చూడాలె. మూడు దినాలు, దినానికొక డబ్బ తేవాలె. సమజైందా?"

"మూడు దాకా లెక్క వస్తది నాకు."

రెండు రోజులు నేను దవాఖానకు కదల్లేదు. మూడో పొద్దున ఆరుంబావుకు మూడూ ఒకేసారి నింపాను. సునీత గోడకానుకుని మూడు వేళ్లు చూపించింది.

"అమ్మమ్మా, దినానికొకటన్నరు."

"కడుపు ఒక్కటే గద. ఒక్క ఆటోల అయ్యే పనికి మూడు ఆటోలెందుకు?"

ఆ వేళ్లు మడిచి నీళ్ల గ్లాసు పట్టించాను.

"నీతోని ఎవ్వలు గెలుస్తరు," అని నవ్వి తాగింది.

దవాఖానలో నర్సమ్మ అడిగింది, "మూడు దినాలవేనా?"

"అవును," అన్నాను.

పురుగులు లేవని కాగితం వచ్చింది. పన్నెండో రోజు సునీత నీళ్ల బిందె దగ్గర పడిపోయింది. దవాఖానలో పడుకోబెట్టి మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి డబ్బాలు వాళ్లే తీసుకున్నారు, దినానికొకటి.

నేను గదికి వచ్చినప్పుడు నర్సమ్మ ఫోను చేసింది. "దొరికింది అవ్వా. మూడో డబ్బల."

"ముందటి రెండింట్ల?"

"లేదు. గా పురుగు అన్ని దినాలల్ల బయటపడదు. అందుకే మూడు దినాలన్నం."

మందు మొదలైంది. ఒంట్లో మాత్రం ఏమీ మిగల్లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి సునీత పోయింది. నేను చేసింది నర్సమ్మకు అప్పుడు చెప్పాను. ఆమె నా సంచి అందుకుని గేటు దాకా వచ్చింది.

ఊరికి తిరిగొచ్చాను. గిన్నె, చీరలు సంచిలోనే ఉన్నాయి. గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ మూడు వేళ్లే కనబడతాయి. సన్నగా, నిటారుగా. వాటిని నేనే మడిచాను.