మిషన్ వేడి

ఉస్తాద్ పోయాడని ఎల్లారెడ్డి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. వడదెబ్బ అన్నాడు. ముందురోజు మధ్యాహ్నం ఆయన కామారెడ్డిలో నా దుకాణంలోనే ఉన్నాడు. నేను పిలిస్తేనే వచ్చాడు.

రేకుల కింద ఒక్క పిన్‌బాల్ మిషన్, అదే నా దుకాణం. మీట లాగి వదిలితే ఉక్కు గోళీ దీపాల మధ్య ఎగురుతుంది, కింద రెండు రెక్కలు దాన్ని పైకి కొడతాయి. ఎల్లారెడ్డిలో టీవీలు, మోటారు స్టార్టర్లు బాగుచేసే ఉస్తాద్ తప్ప దాన్ని విప్పగలవాడు మా చుట్టుపక్కల లేడు.

వస్తూనే వెనక తలుపు తీసి, రెక్కలను లేపే ఒక్కో కాయిల్‌కు చేతి వెనకభాగం ఆనించేవాడు. "మీటర్ తర్వాత. ముందుగాల చెయ్యి చెప్తది" అనేవాడు. కాయిల్ కాగితే రెక్క ఊపు తగ్గుతుందని, వైరు కొసన ప్లాస్టిక్ రంగు మారుతుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఒక దసరాకు పూజ చేసి మిషన్‌కు దేవుడి బొమ్మ అంటించాను. ముందువైపు ఆడేవాళ్ల కాళ్లు తగులుతాయని వెనక, గాలి రంధ్రాల మీద అంటించాను. వారంలో రెండు కాయిళ్లు కాలాయి. ఉస్తాద్ బొమ్మను చింపలేదు. తడిగుడ్డతో నానబెట్టి, ఊడదీసి కళ్లకద్దుకున్నాడు.

"ఏంది బిడ్డా, దేవున్ని గిట్ల ఉడకబెడ్తవా? గోడకు పెట్టు. ఆయనకూ గాలి ఆడుతది, దీనికీ ఆడుతది."

ఈ ఎండల్లో రెక్కలు పూర్తిగా పడిపోయాయి. నాకు గిరాకీ ఉండేది సెలవుల్లోనే. మూడుసార్లు ఫోన్ చేశాను.

"ఎండ మస్తుగున్నది బిడ్డా. పొద్దుగూకినంక వస్త."

"అందరు వాపస్ పోతున్రు ఉస్తాద్. జర ఇప్పుడే రాండ్రి."

మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. రెండు గంటలు మిషన్‌లో తలపెట్టి కూర్చున్నాడు. టేబుల్ ఫ్యాన్ ఆయనకు పెడితే మిషన్ వైపు తిప్పాడు.

"నాకేమైతది? దీనికి కావాలె."

నేను మళ్లీ తిప్పలేదు. రెక్కలు లేచాయి. పోతూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలుతోంది. మిషన్ వేడి అనుకున్నాను.

ఎల్లారెడ్డిలో ఆయన మట్టి అయ్యాక కొడుకు అడిగాడు. "అన్నా, మీ దగ్గరున్నప్పుడే బాపుకు ఒళ్లు కాలిందా?"

"తెల్వదు తమ్మీ" అన్నాను.

ఆ మాట ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. ఇది అతను చదవాలి.

నేను తిరిగి వచ్చేసరికి దుకాణంలో నేను ఆపని ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది. ఆయన తిప్పిన వైపే, చల్లబడిన మిషన్ మీదికి గాలి కొడుతోంది.