బంపరు మీద సిల్వర్ పెయింటు

నాగాయలంకలో మా బాబాయికి రొయ్యల చెరువులుండేవి. ఉప్పుగాలికి ఇనుము నిలవదని గేటుకీ, మోటారు షెడ్డుకీ, చివరికి కారు బంపర్లకీ కూడా సిల్వర్ పెయింటు కొట్టించాడు. ఆ కారునే నా మాట మీద మావారు కొన్నారు. గుడివాడ తెచ్చి ఇంటి ముందు ఆపగానే మా అత్తగారు మొదట ముందువైపు బంపరే చూశారు.

"కింద తుప్పు ఉండి ఉంటుంది. తళతళలాడే దానికి ఎవరైనా రంగేస్తారా? మంచి బండే అంటగట్టాడమ్మా మీ బాబాయి."

"అక్కడ గాలి అలాంటిదండీ," అన్నాను. నాకూ నమ్మకం లేదు. కింద తుప్పే ఉంటే మా పుట్టింటివాళ్ల మాటకి ఆ ఇంట్లో ఇక విలువుండదు. పెయింటు తీస్తేగాని తెలియదు.

పెయింటు గీకడానికి మావారు ఎమరీ పేపరు తెచ్చారు. వద్దన్నాను. మాది బందరు. రోల్డ్ గోల్డ్ గాజుల్ని మా అమ్మ చింతపండుతో తోమనిచ్చేది కాదు, పూత పోతే రాగి బయటపడుతుందని. బంపరు మీది క్రోమియం పూత కూడా అంత పలచనే. గీత పడితే పోదు.

పెయింటు కరిగించే థిన్నర్ తెప్పించాను. మా పాపకి అప్పటికి ఏడాది నిండలేదు. వాసన తగలకుండా అత్తగారితో పెరట్లోకి పంపి, గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాను. కాసేపాగి మళ్లీ చూశాను.

"మీ జేబులో అగ్గిపెట్టె ఉందా?"

"ఉంది."

"లోపల పెట్టి రండి."

"నేను సిగరెట్లు మానేశానుగా."

"మరి అగ్గిపెట్టె ఎందుకు?"

ఆయన లోపలికి వెళ్లి పెట్టి వచ్చారు.

కారు రంగుకి తగలకుండా బంపరుకి పైనున్న బాడీకి ప్లాస్టిక్ కవరు అంటించాం. ముందు ఒక మూల థిన్నర్‌లో తడిపిన గుడ్డ వేసి ఉంచాను. పెయింటు పాల మీద మీగడలా ముడతలు పడింది. ప్లాస్టిక్ డబ్బా మూత అంచుతో మెల్లగా నెడితే పొరలుగా వచ్చేసింది. అడుగున క్రోమియం అద్దంలా ఉంది. అలాగే కొంచెం కొంచెం తడుపుతూ, నెడుతూ, సబ్బునీళ్లతో కడుగుతూ మధ్యాహ్నానికి బంపరు దాదాపు అంతా తీశాం.

కింది అంచున జానెడు మేర మిగిలింది. అక్కడ పెయింటు లేస్తుంటే ఆవగింజల్లా తుప్పు చుక్కలు కనపడ్డాయి. పక్కనే గొంతుక్కూర్చున్న మావారు కూడా చూశారు.

"అది వదిలెయ్," అన్నారు.

"అత్తయ్యగారికి కనపడదూ?"

"అమ్మ మోకాళ్లతో అంత కిందికి వంగలేదులే."

ఆ జానెడు మేర పెయింటు అలాగే ఉంచాను.

అత్తగారు పాపని ఎత్తుకుని వచ్చారు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు. చివరికి బంపరులో చూసుకుంటూ చెదిరిన కొప్పు సర్దుకున్నారు.

"అయితే గాలి అలాంటిదేనన్నమాట," అన్నారు.

"అవునండీ."

ఈలోగా పాప ఆవిడ చంకలోంచి వంగి, మెరుస్తున్న బంపరుకి నోరు ఆనించబోయింది. లాగేసుకున్నాను. ఆఖరిసారి సబ్బుతో కడిగామో లేదో ఎంతకీ గుర్తు రాలేదు. పాపని ఆయన చేతికిచ్చి, బకెట్‌తో నీళ్లు తెచ్చి మళ్లీ మొదటినుంచీ కడిగాను.