ఇనపకడుపు, కుంటిస్టూలు

మా ఆయన్ని నౌకాదళంలో అందరూ ఇనపకడుపు అంటారు. తుఫానులో ఓడ తలకిందులయ్యేలా ఊగుతుంటే, పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా బకెట్లు ఒళ్ళో పెట్టుకుని కూలబడితే, ఈయన ఒక చేత్తో చుక్కాని చక్రం తిప్పుతూ రెండో చేత్తో రొట్టె తిన్నారట. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. గొప్పలు చెప్పుకోవడం రాని మనిషి అనుకునేరు, బ్రహ్మాండంగా వచ్చు. కాకపోతే ఓడలో వాళ్ళంతా ముందే చెప్పేస్తారు కాబట్టి ఆయన వంతు రాదు.

నీళ్ళ మీద అంత ఘనుడు నేల మీదకి వస్తే నా తల ప్రాణం తోకకొస్తుంది. కాళ్ళు ఎడంగా వేసి నడుస్తారు, సందులో ఎదురొచ్చినవాళ్ళు గోడకి అతుక్కోవాల్సిందే. సెలవులకి వచ్చారంటే పొద్దున్నే వంటింట్లో తనిఖీ. అలమరలో గిన్నెలు పడిపోతాయని వాటికి అడ్డంగా తాళ్ళు కడతారు. ఇది ఇల్లు, ఎక్కడికీ కదలదు అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో నాకే తెలియదు. ఆయనంటే నాకు ప్రాణం, కాదనను. కానీ ఆ ప్రాణం ఏడాదిలో సగం రోజులు సముద్రం మీద ఉంటేనే నా ప్రాణానికి సుఖం.

వంటింట్లో ఒక స్టూలుండేది. దాని కాలొకటి పొట్టి. కూర్చుంటే టక్కు టక్కుమని ఇటూ అటూ ఊగేది. దాని మీంచి నేను పడ్డాను, వచ్చిన చుట్టాలు పడ్డారు. ఆ కాలు కింద చెక్కముక్క కొట్టమని కాపురానికొచ్చిన నాటినుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. రేపు చూద్దాంలే అనేవారు. అని, దాని మీదే కూర్చుని టక్కు టక్కుమంటూ హాయిగా భోజనం చేసేవారు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇలా ఉండగా నౌకాదళంవాళ్ళకి పాత ఓడల మీద మొహం మొత్తింది. వాటిని వరసగా తీసేసి కొత్తవి కట్టిస్తామన్నారు. మా డాబా మీంచి చూస్తే ఓడలు కట్టే యార్డు కనిపిస్తుంది. ముందుభాగం ఒక షెడ్డులో, వెనకభాగం ఇంకో షెడ్డులో కట్టి, క్రేన్లతో మోసుకొచ్చి అతికించడం మొదలుపెట్టారు. మా ఆయన సాయంత్రం డాబా ఎక్కి, ముక్కలతికిన ఓడని నమ్ముకుని ఎవడు పోతాడని పెదవి విరిచేవారు. బూడిదరంగు పూత పడేసరికి గొంతు మారిపోయింది. పక్కింటాయన, అంటే వాళ్ళ ఓడలో వంటాయనే, ఆ ఓడ మూతి మరీ కోసుగా ఉందన్నాడని ఒంటికాలి మీద లేచారు. అప్పుడే అర్థమైంది నాకు, ఈయన మనసు దాని మీద పడిందని.

అయితే ఆ ఓడకి చక్రమే లేదు. కుర్చీలో కూర్చుని వేలెడంత పిడిని అటూ ఇటూ కదపాలి. అది నేర్పడానికి ఒడ్డు మీదే ఒక గదిలో ఉత్తుత్తి ఓడ పెట్టారు. చుట్టూ తెరలు, తెరల నిండా సముద్రం. అందులో ఓడని రేవులోకి క్షేమంగా చేర్చాలి. మూడు అవకాశాలిస్తారు. మూడూ పోతే ఇక ఓడ ఎక్కనివ్వరు, రిటైరయ్యేదాకా గిడ్డంగిలో రంగుడబ్బాలకి కాపలా. అంటే రోజూ సాయంత్రానికి ఇంట్లో ఉంటారన్నమాట. నా గుండెల్లో రాయి పడింది.

మొదటి పరీక్ష అయ్యాక మొహం వేలాడేసుకుని వచ్చారు. ఎండదెబ్బ అన్నారు. ఆ రోజు పొద్దుటినుంచీ వాన. అసలు సంగతి వంటాయన గోడ మీంచి తల పెట్టి, పళ్ళన్నీ బయటపెట్టి చెప్పాడు. తెర మీద మొదటి అల లేవగానే మా ఆయన లోపలున్నదంతా కక్కేశారట. కదలని గదిలో! ఇనపకడుపు!

రెండోసారి ఖాళీ కడుపుతో వెళ్ళారు. అదీ పనిచేయలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదుట. అది ఇంకా అవమానం. ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డారు. నేనెన్నడూ చూడని మొహం అది. నాకు కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది.

"కాళ్ళ కింద నేల కదలటంలేదు, కళ్ళముందు సముద్రం కదులుతోంది. కడుపు ఎవర్ని నమ్మాలే?" అన్నారు.

లేవండి, కాస్త తినండి అన్నాను. అలవాటుగా కుంటిస్టూలు లాక్కుని కూర్చున్నారు. టక్కు టక్కు. చూస్తుండగానే మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. ముద్ద మీద ముద్ద దిగింది. మూలనున్న మా అత్తగారు కొడుకువంక ఓసారి చూసి, "పసివాడప్పుడూ ఇంతే. ఉయ్యాల ఆగిందా, తాగిన పాలు నా చీర మీదే," అన్నారు.

నేను గరిట అక్కడే పడేశాను.

మూడో పరీక్షకి స్టూలు తీసుకెళ్ళమన్నాను. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఇన్నేళ్ళ సర్వీసున్న మనిషి వంటింటి స్టూలు నెత్తిన పెట్టుకుని వెళ్తే పరువేం కావాలన్నారు. రెండుసార్లు బకెట్టు పట్టుకున్నప్పుడు పోని పరువు స్టూలుతో పోతుందా అన్నాను. అయినా ముట్టుకోలేదు. దాంతో నేనే చంకన పెట్టుకుని ఆయన వెనకే బయల్దేరాను. ఆయనేమో నేనెవరో తెలియనట్టు ముందు నడిచారు.

గేటు దగ్గర కాపలావాడు స్టూలుని తిరగేసి, బోర్లించి, తట్టి చూశాడు. ఇందులో ఏముందని అడిగాడు. కూర్చుని చూడు నాయనా అన్నాను. కూర్చున్నాడు, పడ్డాడు. లేచి, లోపలికి పంపించేశాడు.

పరీక్ష పెట్టే ఆఫీసరు ఒక చిన్నపిల్ల. చిన్నపిల్ల అని నేనంటాను గానీ, ఆమె ముందు అందరూ నిటారుగా నిలబడుతున్నారు. స్టూలు చూసి నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. వంగి ఆ పొట్టికాలుని శ్రద్ధగా చూసింది.

"మీరు దేని మీద కూర్చుంటే నాకేంటండీ? ఓడ గట్టుకి తగలకూడదు, అంతే," అంది.

నన్ను అద్దం అవతల నిలబెట్టారు. తెర మీద అలలు లేచాయి. చూస్తున్న నాకే తిప్పింది, కిటికీ పట్టుకున్నాను. మా ఆయన మాత్రం అల ఎటు లేస్తే అటు స్టూలుని ఒరగనిస్తూ, టక్కు టక్కుమంటూ, వేలెడంత పిడిని వేళ్ళ కొసలతో కదుపుతూ పోతున్నారు. మొదట్లో భుజాలు బిగుసుకుని ఉన్నాయి. కాసేపటికి వదులయ్యాయి. ఎదురుగా ఇంకో ఓడ వస్తే తప్పించారు, గాలివాన వస్తే తట్టుకున్నారు, ఉత్తుత్తి ఓడని ఉత్తుత్తి రేవులో చక్కగా ఆనించారు. పాసయ్యారని ఆఫీసరమ్మ చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, ఇక్కడ తినడానికేమైనా దొరుకుతుందా అని.

కొత్త ఓడ అసలు ఊగదట. ఊపు తగ్గించడానికి దాని అడుగున రెక్కల్లాంటివేవో పెట్టారట. అందుకని కెప్టెనుగారు స్టూలుని కూడా ఓడలోకి రానిచ్చారు, తాడుతో కట్టి ఉంచాలన్న షరతు మీద. తాళ్ళు కట్టడమంటే ఈయనకి చెప్పాలా? బయల్దేరే రోజున తెల్లటి యూనిఫారం వేసుకుని, భుజాన స్టూలు పెట్టుకుని ఓడ ఎక్కారు. వంటాయనతో సహా అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నేను చెయ్యి ఊపుతూ, ఇక ఇల్లు ప్రశాంతమని మనసులో అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో కొత్త స్టూలు ఉంది. కాళ్ళన్నీ సమానం. నా పోరు తీర్చాలని ముందురోజే కొని దాచారట, అత్తయ్యగారు చెప్పారు. కూర్చున్నాను. రాయిలా నిలబడింది. కంచం ముందు పెట్టుకున్నాను. ఎక్కడా చప్పుడు లేదు. ఒక్క ముద్ద గొంతు దిగితే ఒట్టు.

పెరట్లోకెళ్ళి రంపం తెచ్చాను. కన్నీళ్ళలో సరిగ్గా కనపడక కొత్త స్టూలు కాలొకటి వంకరగా కోశాను. అత్తయ్యగారు స్టూలు తన ముందుకి లాక్కుని, రెండు చేతులతో అటూ ఇటూ ఊపి, తల వంచి విన్నారు.

"ఇంకాస్త కొయ్యి అమ్మాయ్. ఇది వాడి చప్పుడు కాదు."